కెల్స్ గ్రంథంలో అక్షరాల నిండా ఆ బొమ్మలెందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ చూశారు, అంటే కెల్స్ గ్రంథం, సుమారు 1200 ఏళ్ల కిందట తోలు మీద లాటిన్‌లో చేత్తో రాసిన నాలుగు సువార్తల ప్రతి. అద్దాల పెట్టెలో తెరిచి ఉంచిన పేజీలు, మసక వెలుతురు, వెనకాల తోసుకొస్తున్న జనం. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో మిగతా పేజీలు చూస్తే ఏది అక్షరమో ఏది అలంకారమో తెలియలేదు. చదువు రానివాళ్లకు బైబిలు కథలు చెప్పడానికే ఈ బొమ్మలు గీశారని ఒకచోట చదివారు. మరి ఆ పిల్లులూ ఎలుకలూ ఏ కథలోవి అన్నది మీ సందేహం. బంగారం ఎలా అంటించేవారో కూడా చెప్పమన్నారు.

నేను పాత వ్రాతప్రతుల పరిరక్షణ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మధ్యయుగపు పద్ధతిలో రంగులు నూరడం, తోలు మీద బంగారు రేకు అద్దడం చేత్తో నేర్చుకున్నాను. అందుకని బొమ్మల అర్థమూ వాటి వెనక ఉన్న పనీ కలిపే చెబుతాను. ఈ పుస్తకాల విషయంలో ఒకటి వదిలేసి రెండోది చెబితే సగమే చెప్పినట్టు.

ముందు ఆ "చదువు రానివాళ్ల కోసం" అన్న మాట సంగతి చూద్దాం. దీనికి మూలం ఒక ఉత్తరం. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సెయ్ బిషప్ సెరెనస్, జనం బొమ్మలకు మొక్కుతున్నారని తన చర్చిలోని వాటిని పగలగొట్టించాడు. పోపు మహా గ్రెగొరీ అతణ్ణి మందలిస్తూ రాశాడు. బొమ్మలకు మొక్కడం తప్పే, కానీ వాటిని పగలగొట్టడమూ తప్పే, అక్షరాలు రానివాళ్లు గోడల మీద చూసి తెలుసుకుంటారు కదా అని దాని భావం. ఆ ఉత్తరం గోడల గురించి. దాన్ని తీసుకొచ్చి పుస్తకాలకు అతికించేయడం వల్లే ఈ తికమకంతా.

కెల్స్ గ్రంథం పేజీ ఇప్పుడు సుమారు 33 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు. 19వ శతాబ్దంలో బైండు చేసినప్పుడు అంచులు కోసేశారు కాబట్టి మొదట్లో ఇంకాస్త పెద్దది. ఎంత పెద్దదైనా, గుడిలో నిలబడ్డ రైతుకు బలిపీఠం మీది పుస్తకంలో వేలి గోరంత పిల్లి కనబడదు. దాన్ని దగ్గరగా చూడగలిగినవాడు దాన్ని పట్టుకోగలిగినవాడే. అంటే లాటిన్ వచ్చిన సన్యాసి, పురోహితుడు. పైగా ఆ మనిషికి ఆ పాఠం దాదాపు కంఠతా వచ్చి ఉంటుంది. సన్యాసి బెనెడిక్ట్ రాసిన నియమావళి పాటించే మఠాల్లో బైబిలులోని 150 కీర్తనలూ ప్రతి వారం పూర్తిగా పాడేవారు. ఐర్లండ్ మఠాలకు వేరే నియమాలు ఉన్నా, కీర్తనల పారాయణంలో అవి ఎవరికీ తీసిపోలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: ఈ బొమ్మలు చదవలేనివాళ్ల కోసం కాదు, చదవడం బాగా వచ్చినవాళ్ల కోసం. కథ తెలిసినవాడు మాట దగ్గర ఆగాలి, దాటిపోకూడదు. ఆ ఆగడం కోసమే పేజీని అలా కట్టారు.

దీనికి కెల్స్ గ్రంథంలోనే సాక్ష్యం ఉంది. అంత గొప్ప పుస్తకంలో పాఠం మాత్రం అంత శ్రద్ధగా లేదు. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో "ఖడ్గం" అని ఉండాల్సిన చోట లేఖకుడు ఒకట్రెండు అక్షరాలు తప్పి "ఆనందం" అని రాశాడు. ఒక పేజీ పాఠాన్ని పొరపాటున రెండుసార్లు రాసి, తర్వాత ఎర్ర సిలువ గుర్తులు పెట్టి దాన్ని రద్దు చేశారు. రోజూ చదువుకునే పుస్తకమైతే ఈ తప్పులు సరిదిద్దకుండా వదలరు. ఇది పండగ రోజున బలిపీఠం మీద తెరిచి ఉంచే పుస్తకం. దాని పవిత్రత పాఠశుద్ధితోనే తూచేది కాదు.

పుస్తకాన్నే పవిత్ర వస్తువుగా చూడటం అక్కడ ఎంత లోతుగా ఉండేదో చెప్పడానికి ఒక సంగతి. ట్రినిటీ కాలేజీలోనే బుక్ ఆఫ్ డరో అని ఇంకా పాతది, సుమారు 700 నాటి సువార్తల ప్రతి ఉంది. 17వ శతాబ్దంలో దాన్ని దగ్గర పెట్టుకున్న మనిషి, పశువులకు జబ్బు చేస్తే ఆ పుస్తకం మీద నీళ్లు పోసి, ఆ నీళ్లు వాటికి పట్టేవాడు. పరిరక్షణ పనిలో ఉన్నదాన్ని, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. అయినా అతని నమ్మకాన్ని మాత్రం తీసిపారేయలేను.

ఇక మీరు చూసి తికమకపడ్డ పేజీకి వస్తాను. మీ వర్ణనను బట్టి అది 34వ పత్రం, అంటే 34వ ఆకు, ముందువైపు. కై-రో పేజీ అంటారు. కై, రో అన్నవి గ్రీకులో క్రీస్తు పేరులోని మొదటి రెండు అక్షరాలు. X, P లాగా కనిపిస్తాయి. పేజీ దాదాపు మొత్తాన్నీ ఆక్రమించిన ఆ పెద్ద మెలిక కై అక్షరం. దాని కింద, ఒక కొసన మనిషి తల ఉన్న వంపు రో. అంత పెద్ద పేజీలో ఉన్నవి మూడే మాటలు, లాటిన్‌లో. మన తెలుగు బైబిలులో "యేసుక్రీస్తు జననవిధ మెట్లనగా" అని ఉంటుందే, మత్తయి 1:18, అక్కడ మొదలయ్యే వాక్యం అది. మూడు మాటలకు ఒక పేజీ!

ఎందుకు అక్కడే? మత్తయి సువార్త మొదట 17 వచనాల పాటు వంశావళి నడుస్తుంది. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను, అలా పేర్ల మీద పేర్లు. 18వ వచనంలో మొదటిసారి కథ మొదలవుతుంది, దేవుడు మనిషిగా పుట్టడం మొదలవుతుంది. ఐర్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మఠాల్లో దాన్ని రెండో ఆరంభంగా లెక్కపెట్టి ప్రత్యేకంగా అలంకరించేవారు. యోహాను సువార్తలో "ఆ వాక్యము శరీరధారియై, కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను" అని చదువుకున్న సన్యాసి, ఆ మాటను బొమ్మలో ఎలా పెడతాడు? క్రీస్తు ముఖం గీయలేదు. ఆయన పేరును తీసుకుని, ఆ అక్షరానికే ఒంట్లో ప్రాణం పోశాడు. అక్షరంలోంచి తీగలు మొలిచాయి, చక్రాలు తిరుగుతున్నాయి, జంతువులు పాకుతున్నాయి. నా దృష్టిలో మధ్యయుగపు చిత్రకళలో దీన్ని మించిన వేదాంత వ్యాఖ్యానం లేదు.

ఇప్పుడు మెల్లగా వివరాలు చూడండి. కై పొడుగు గీత ఎడమ పక్కన ముగ్గురు దేవదూతలు. కొంచెం పైన రెండు చిమ్మటలు ఎదురెదురుగా. కింద, రో పాదం దగ్గర మీరు చెప్పిన పిల్లులు. రెండు పిల్లులు కూర్చుని చూస్తున్నాయి, వాటి ముందు రెండు ఎలుకలు గుండ్రటి బిళ్ల ఒకటి పట్టుకుని లాక్కుంటున్నాయి, ఇంకో రెండు ఎలుకలు పిల్లుల వీపుల మీద ఎక్కి ఉన్నాయి. కుడివైపు ఒక నల్లటి నీటికుక్క, నోట్లో చేప. ఆ బిళ్ల పూజలో పంచే అప్పమని ఎక్కువమంది పండితులు అనుకుంటారు. చేప క్రీస్తుకు పాత గుర్తు. గాల్లో ఎగిరే చిమ్మటలు, నేల మీది పిల్లులు, నీళ్లలోని నీటికుక్క అన్నీ ఆ పేరు చుట్టూ చేరాయి. సృష్టి అంతా ఆ జనన ఘడియకు హాజరైందని నేను చదువుకుంటాను. ఇంకొకరు దీన్ని వేరుగా చదవచ్చు. మఠపు గాదెలో ఎలుకల బెడద రోజూ చూసే మనిషి సరదాగా గీశాడని అనేవాళ్లున్నారు. ఆ రెండూ ఒకే మనిషి మనసులో ఉండకూడదని ఏమీ లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రతి ముడికీ ప్రతి తోకకూ రహస్యార్థం వెతకడం మొదలుపెడితే దారి తప్పుతాం. కొన్ని గుర్తులకు ఆ కాలపు రాతల్లోనే ఆధారం ఉంది. వాటిని పట్టుకుంటే చాలు. నెమలి మాంసం కుళ్లదని తొలినాటి క్రైస్తవ పండితుడు ఆగస్టీన్ రాశాడు, అందుకే 32వ పత్రం వెనకవైపు క్రీస్తు తలకు రెండు పక్కలా నెమళ్లు ఉన్నాయి, చావులేని దేహానికి గుర్తుగా. సింహం పిల్లలు చచ్చి పుడతాయనీ, మూడో రోజు తండ్రి ఊపిరి పోస్తే లేస్తాయనీ నాటి జంతు గ్రంథాలు చెప్పేవి, అది పునరుత్థానానికి గుర్తు. పాము కుబుసం విడవడం కొత్త జీవితం. ఇలాంటివి నాలుగైదు తెలుసుకుంటే ఏ దేశపు ప్రతి తెరిచినా ఉపయోగపడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తులు నాలుగు: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. యెహెజ్కేలు దర్శనంలో, ప్రకటన గ్రంథంలో సింహాసనం దగ్గర కనిపించే నాలుగు జీవులు ఇవే. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ వీటిని నలుగురు సువార్తికులకు పంచాడు: మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. ముందు చెప్పిన పోపు గ్రెగొరీ ఇంకో అడుగు వేసి నాలుగూ క్రీస్తువే అన్నాడు: పుట్టినప్పుడు మనిషి, బలైనప్పుడు ఎద్దు, లేచినప్పుడు సింహం, పరలోకానికి ఎక్కినప్పుడు గద్ద. అందుకే కెల్స్ గ్రంథంలో ఆ నాలుగూ ఒకే పేజీలో ఒకే చట్రంలో కనిపిస్తాయి. బుక్ ఆఫ్ డరోలో మాత్రం మార్కుకు గద్ద, యోహానుకు సింహం. జెరోమ్ పంపకం అప్పటికి ఐర్లండ్‌లో స్థిరపడలేదన్నమాట. కాబట్టి సింహం కనబడగానే మార్కు అని తేల్చేయకండి, పక్కన ఏ సువార్త మొదలవుతోందో చూడండి.

అక్షరమే బొమ్మగా మారడం ఒక్క ఐర్లండ్ వాళ్ల విద్యే అనుకోకండి. ప్యారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో 8వ శతాబ్దం చివరి నాటి జెల్లోన్ పూజాగ్రంథం ఉంది. పూజలో రొట్టెను, ద్రాక్షరసాన్ని ప్రతిష్ఠించే ప్రార్థన లాటిన్‌లో T అక్షరంతో మొదలవుతుంది. ఆ T ఆకారం సిలువలా ఉంటుంది కదా. చిత్రకారుడు ఆ అక్షరం మీదే క్రీస్తును సిలువ వేశాడు. గాయాల నుంచి రక్తం కారుతోంది, పైన దేవదూతలు ఉన్నారు. పురోహితుడు ఆ ప్రార్థన మొదటి అక్షరం పలికేటప్పుడు అతని కళ్ల ముందు ఆ బలి ఉంటుంది. ఆ క్షణంలో చదవడం, చూడటం, పూజ చేయడం ఒకటే పని. తర్వాతి శతాబ్దాల్లో ఆ సిలువ బొమ్మ పెరిగి పెరిగి, అక్షరంలోంచి బయటికొచ్చి సొంతంగా ఒక పూర్తి పేజీ అయింది. పూజ మధ్యలో పురోహితుడు ఆ పేజీని ముద్దుపెట్టుకునేవాడు. ఏళ్ల తరబడి పెట్టిన ముద్దులకు క్రీస్తు పాదాలు చెరిగిపోయిన ప్రతులు చాలా ఉన్నాయి. బొమ్మ పాడవకుండా ఉండాలని కొందరు చిత్రకారులు పేజీ అడుగున ముద్దు కోసమే వేరుగా చిన్న సిలువ గీసి పెట్టారు. అలాంటి చెరిగిన పేజీ బల్ల మీదికి వస్తే నేను దాన్ని "దెబ్బతిన్నది" అని మాత్రం రాసి ఊరుకోను. అది వాడుక గుర్తు, దాన్ని తుడవకూడదు, దిద్దకూడదు.

లిండిస్‌ఫార్న్ సువార్తల గురించీ ఒక మాట. ఉత్తర ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠపు ప్రతి అది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 698 నుంచి 721 దాకా లిండిస్‌ఫార్న్ బిషప్‌గా ఉన్న ఈడ్‌ఫ్రిత్ చేతి పని అని, సుమారు 970లో ఆల్‌డ్రెడ్ అనే పురోహితుడు అందులోనే రాసి పెట్టాడు. ఆ ఆల్‌డ్రెడే లాటిన్ వరుసల మధ్య సన్నటి అక్షరాలతో పాత ఇంగ్లిషులో అర్థం రాశాడు. ఇంగ్లిషులో ఇప్పుడు మనకు దొరుకుతున్న సువార్తల అనువాదాల్లో అదే మొదటిది. ఆ గ్రంథంలో ప్రతి సువార్త ముందూ మాటలు లేని పేజీ ఒకటి ఉంటుంది, తివాచీ పరిచినట్టు నిండా అల్లిక. కాసేపు చూస్తే ఆ అల్లికలో సిలువ తేలుతుంది. ఎలా గీశాడంటే, పేజీ వెనకవైపు వృత్తలేఖిని మొన గుచ్చిన కన్నాలు, గడుల గీతలు ఇప్పటికీ కనబడతాయి. మన మెలిక ముగ్గుకు చుక్కలు పెట్టుకున్నట్టే ముందు చుక్కలు, తర్వాత గీత. ఇక ఆ గీత ఎక్కడా తెగదు, ఒకసారి పైనుంచి పోతే తర్వాత కిందనుంచి పోతుంది. ఆ అల్లికలోని ఒక పక్షి మెడను వేలితో అనుసరిస్తూ వెళ్లండి, తోక ఎక్కడుందో దొరుకుతుంది. సన్యాసికి అదొక ధ్యానం. చూసేవాడికి కూడా.

ఇప్పుడు పని. మొదట తోలు. దూడ, గొర్రె, మేక తోళ్లను సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి బిగించి లాగుతారు. తాడు జారకుండా తోలు అంచున గులకరాయి పెట్టి, దాని చుట్టూ తోలు మడిచి ముడి వేస్తారు. తోలు ఆరుతుండగా నెలవంక ఆకారపు కత్తితో గీకుతూ పోవాలి. కొంచెం ఎక్కువ నొక్కితే చిరుగుతుంది. లేఖకులు ఆ చిరుగుల చుట్టూ రాసుకుంటూ పోయారే గానీ తోలు పారేయలేదు, అంత ఖరీదు. కెల్స్ గ్రంథంలో మిగిలిన 340 పత్రాలకూ, పోయినవాటికీ కలిపి సుమారు 185 దూడల చర్మాలు పట్టి ఉంటాయని అంచనా. ఒక పశువుల మందంత ఆస్తిని ఒక పుస్తకంలో పెట్టారు.

సిరా మాచికాయలతో చేసేది. ఓక్ చెట్టు మీద పురుగు గుడ్డు పెడితే కట్టే గుండ్రటి కాయ అది. దాన్ని దంచి నానబెట్టి, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి, తుమ్మజిగురు లాంటి బంక చేరిస్తే నల్లటి సిరా తయారు. అది తోలులోకి దిగి పట్టుకుంటుంది. అందుకే 1200 ఏళ్ల తర్వాత కూడా అక్షరం నిలిచింది. అదే సిరాలో ఆమ్లం ఎక్కువైతే పేజీని తినేస్తుంది, నా పనిలో సగం టెన్షన్ దానితోనే.

మీరు బంగారం గురించి అడిగారు గానీ, కెల్స్ గ్రంథంలో బంగారం లేదు! ఆ మెరిసే పసుపు అరిదళం, ఆర్సెనిక్ ఉన్న విషపు ఖనిజం. ఎరుపు సీసం నుంచి తీసిన సింధూరం, ఆకుపచ్చ రాగి చిలుము. నీలం అఫ్గానిస్తాన్ నుంచి తెచ్చిన లాపిస్ లాజులి రాయి అని చాలా కాలం పుస్తకాల్లో రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. లేజర్ కాంతితో రంగు కణాలను పరీక్షించాక తేలింది, అది యూరప్‌లోనే పెరిగే వోడ్ అనే మొక్క ఆకుల నీలి. లిండిస్‌ఫార్న్ సువార్తల్లో నీలం కూడా అలాంటి మొక్క నుంచి వచ్చిందే. కెల్స్ గ్రంథానికి బంగారం ఉండేది బయట, దాని పెట్టెకు. 1007లో ఐర్లండ్‌లోని కెల్స్ అనే ఊరి చర్చి నుంచి ఆ గ్రంథాన్ని దొంగలు ఎత్తుకుపోయారని, రెండు నెలల పైన వెతికితే బంగారం ఊడదీసి, మట్టిపెళ్ల కింద పాతిపెట్టి ఉండగా దొరికిందని ఐర్లండ్ చరిత్ర పత్రాల్లో ఉంది.

బంగారు రేకు ఉన్న ప్రతులు చూడాలంటే తర్వాతి కాలానికి రావాలి, ముఖ్యంగా 12వ శతాబ్దం నుంచి. పద్ధతి ఇదీ. మెత్తటి సుద్ద లాంటి ప్లాస్టర్, కొంచెం సీసపు తెలుపు, చేప లేదా తోలు జిగురు, చిటికెడు పంచదార లేదా తేనె కలిపి ముద్ద చేస్తారు. దాన్ని ఈకతో బంగారం పెట్టాల్సిన చోట ఉబ్బెత్తుగా పోస్తారు. ఆరాక కత్తితో నున్నగా గీకుతారు. అప్పుడు సన్నటి గొట్టం గుండా దాని మీద నోటి ఆవిరి ఊదాలి. ఆ పంచదార, ఆ జిగురు ఊపిరిలోని తేమకు కాస్త అంటుకునే గుణం తెచ్చుకుంటాయి. ఆ క్షణంలోనే రేకు వేసి, పట్టుగుడ్డ మీదుగా నొక్కాలి. చల్లటి తేమ పొద్దుల్లో పని చకచకా సాగుతుంది. హీటర్ వేసిన పొడి గదిలో ఎంత ఊదినా రేకు పట్టదు. తర్వాత కుక్క కోరపన్నుతోనో నునుపైన గట్టి రాయితోనో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బంగారం ఎప్పుడూ రంగుల కన్నా ముందే. రంగు వేసి ఉంటే రేకు దానికీ అంటుకుంటుంది, రుద్దుడుకు రంగు పాడవుతుంది. అసంపూర్తిగా ఆగిపోయిన ప్రతుల్లో ఈ వరుస కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: ఒకచోట గీత మాత్రమే, ఒకచోట బంగారం పెట్టి రంగు వేయని ముఖాలు. ఇంగ్లండ్‌లో 12వ శతాబ్దపు వించెస్టర్ బైబిలు అలాంటిది.

ఉబ్బెత్తు బంగారాన్ని ఫొటోలో చూసి అంచనా వేయొద్దు. కెమెరాకు అది మట్టి పసుపుగానో, తెల్లటి మచ్చగానో కనబడుతుంది. అసలు ప్రతిని కొవ్వొత్తి దగ్గర కాస్త కదిలిస్తే బంగారం ఒకచోట వెలిగి ఇంకోచోట ఆరుతుంది. ఆ చిత్రాల్లో ఆకాశం స్థానంలో బంగారం పెట్టింది అందుకే. అక్కడ సూర్యుడు లేడు, నీడ లేదు, సాయంత్రం లేదు. పరలోకపు వెలుగును చూపించాలంటే వెలుగును గీయడం కాక, వెలుగునే పేజీ మీద పెట్టారు.

లాపిస్ లాజులి కూడా ఈ కాలంలోనే విరివిగా వస్తుంది. అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి చేతులు మారి మారి యూరప్ చేరేది. ఉత్త రాయి నూరితే బూడిద రంగే వస్తుంది. ఆ పొడిని మైనం, పైన్ చెట్టు బంకతో ముద్ద చేసి, బూడిద తేర్చిన క్షారపు నీళ్లలో పిసికితే నీలం మాత్రం బయటికి దిగుతుంది. అంత కష్టపడి తీసిన నీలాన్ని మరియమ్మ పైవస్త్రానికి దాచేవారు. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఒక సంగతి చెప్పాలి. జర్మనీలో దాల్‌హైమ్ అనేచోట పాత కన్యకల మఠం శ్మశానంలో దొరికిన, 11 లేదా 12వ శతాబ్దం నాటి ఒక స్త్రీ పళ్ల గారలో లాపిస్ లాజులి కణాలు దొరికాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కుంచె మొనను పెదాలతో సన్నగా చేసుకుంటూ రంగు వేసిన చిత్రకారిణి అయి ఉండాలని వాళ్ల నిర్ణయం. ఆమె పేరు ఎక్కడా లేదు. ఈ పుస్తకాలు అనగానే మగ సన్యాసులే గుర్తొస్తారు, ఇక మీదట ఆమెనూ గుర్తు పెట్టుకోండి. మన దేశపు లక్క కూడా ఆ చిత్రకారుల దాకా వెళ్లింది, వాళ్ల రంగుల వంటకాల పుస్తకాల్లో లక్క ఎరుపు కనిపిస్తుంది.

ఈ వైభవం అందరికీ నచ్చలేదు. 1125 ప్రాంతంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్, మఠాల్లో చెక్కిన వింత జంతువుల మీద మండిపడ్డాడు. పుస్తకం వదిలేసి రాళ్లనే చదవాలనిపిస్తోందన్నాడు. అతని సిస్టర్షియన్ సన్యాసుల సంఘం అక్షరాలు ఒకే రంగులో, బొమ్మలు లేకుండా ఉండాలని నియమం పెట్టింది. ఆ నియమం పాటించిన ప్రతులు చూశాను. అవీ అందమైనవే. కాకపోతే బెర్నార్డ్ భయపడ్డ విషయం, బొమ్మ మనసును లాగేస్తుందన్నది, మిగతా మఠాలవాళ్లకూ తెలుసు. వాళ్లు ఆ లాగుడునే ప్రార్థన వైపు తిప్పారు.

13వ శతాబ్దం నుంచి పుస్తకం బలిపీఠం దిగి ఇంటికి, ముఖ్యంగా ఆడవాళ్ల చేతికి వస్తుంది. ప్రార్థనా ఘడియల పుస్తకాలు అవి. రోజుకు ఎనిమిది వేళలు, ఒక్కో వేళకు మరియమ్మ జీవితంలోంచి ఒక బొమ్మ. మొదటి వేళకు గాబ్రియేలు దూత వచ్చి చెప్పడం, తర్వాత ఎలీసబెతును కలవడం, తర్వాత పశువుల పాకలో జననం, అలా చివరి వేళకు మరియమ్మకు కిరీటధారణ. బొమ్మ చూడగానే ఏ వేళ ప్రార్థనో తెలిసిపోతుంది.

వీటిలో ఒక్కటే చూడమంటే నేను ఫ్రాన్సు రాణి జాన్ ద'ఎవ్రూ పుస్తకం చూడమంటాను. 1324, 1328 మధ్య జాన్ ప్యుసెల్ అనే చిత్రకారుడు చేసింది. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంవారి క్లాయిస్టర్స్‌లో ఉంది. పేజీ సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, అరచేతిలో ఇమిడిపోతుంది. రంగులు చాలా తక్కువ, ఎక్కువగా బూడిద ఛాయలే. అందులో ఎదురెదురు పేజీలు చూడండి. ఎడమవైపు శిష్యుడు యూదా క్రీస్తును ముద్దుపెట్టి పట్టిస్తున్నాడు. కుడివైపు గాబ్రియేలు మరియమ్మకు శుభవార్త చెబుతున్నాడు. పుట్టుక కబురూ చావు మొదలూ ఒకేసారి కళ్ల ముందు. కుడి పేజీలో, మరియమ్మ బొమ్మ కింద ప్రార్థన మొదలయ్యే D అక్షరం లోపల ఒకామె మోకరించి పుస్తకం పట్టుకుని ఉంది. అది ఆ రాణే. పుస్తకం తెరిచిన ప్రతిసారీ తాను ఎక్కడుండాలో ఆమెకు అక్కడ కనిపించేది, అక్షరం లోపల. పేజీ అడుగున యువకులూ యువతులూ ఆట ఆడుతున్నారు, ఒకరిని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ ఉన్నవాళ్లు తట్టే ఆట. క్రీస్తు కళ్లకు గంత కట్టి కొట్టినదానికి అది ప్రతిధ్వని అని కొందరు పండితులు చెబుతారు, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది. అంచుల్లోని బొమ్మలన్నిటికీ ఇలాంటి అర్థాలు ఉంటాయని మాత్రం అనను. ఇంగ్లండ్‌లోని లట్రెల్ కీర్తనల గ్రంథంలో అరక దున్నేవాళ్లు, నూలు వడికేవాళ్లు, ఏ జంతువో తెలియని వింత ప్రాణులు అన్నీ కలిసే ఉంటాయి. లోకం మొత్తాన్నీ కీర్తన అంచున చేర్చడమే అక్కడ ఉద్దేశం అనిపిస్తుంది.

ఇక మీరు చేయాల్సింది. కెల్స్ గ్రంథం మొత్తాన్నీ ట్రినిటీ కాలేజీ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. అన్ని పేజీలూ తిప్పకండి. 34వ పత్రం ఒక్కటే తెరిచి, ముందు దూరం నుంచి అక్షరాల ఆకారం గుర్తుపట్టండి. తర్వాత దగ్గరకు లాగి ప్రాణులను వెతకండి. అది అయ్యాక 7వ పత్రం వెనకవైపు, మరియమ్మ ఒడిలో బాలయేసు. పాశ్చాత్య వ్రాతప్రతుల్లో ఇప్పటికి మిగిలిన మరియమ్మ చిత్రాల్లో అదే మొదటిది. కుడి అంచున చిన్న చట్రంలో ఆరు తలలు ఉంటాయి. అవి మరియమ్మ వైపు కాక ఎదుటి పేజీ వైపు చూస్తుంటాయి. ఎదుటి పేజీలో క్రీస్తు జననం గురించిన మాటలు మొదలవుతాయి. ఆ రెండు పేజీలనూ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి, విడివిడిగా చూస్తే ఆ తలలు అక్కడెందుకున్నాయో తెలియదు.

మీరు డబ్లిన్‌లోనే ఉంటున్నారు కాబట్టి డబ్లిన్ కోట ఆవరణలో చెస్టర్ బీటీ మ్యూజియంకు కూడా వెళ్లండి, ప్రవేశం ఉచితం. 15వ శతాబ్దపు ఫ్రెంచ్ ప్రార్థనా ఘడియల పుస్తకం ఒకటి, కోయెతివి పేరు మీద పిలిచేది, వాళ్ల దగ్గర ఉంది. ఇబ్న్ అల్ బవ్వాబ్ 1000-1001లో బాగ్దాదులో రాసిన ఖురాన్ కూడా అక్కడే ఉంది. దాంట్లో మనిషి గానీ జంతువు గానీ ఒక్కటీ లేదు, అక్షరం, బంగారం, నీలం, రేఖల అల్లిక మాత్రమే. కెల్స్ చూసిన కళ్లతో దాన్ని చూస్తే లిండిస్‌ఫార్న్‌లోని ఆ తివాచీ లాంటి పేజీలు ఇంకా బాగా అర్థమవుతాయి. ఈ ప్రతులను వెలుతురు నుంచి కాపాడటానికి మార్చి మార్చి ప్రదర్శిస్తారు కాబట్టి, బయల్దేరే ముందు ఏవి బయట ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోండి.